వేలెడంత చోటు

మొన్న మంగళవారం మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోను మోగింది. అవతల ఒక ఆడమనిషి గొంతు.

"మావయ్యా, అమ్మ పోయింది. ఆదివారం మట్టి కూడా అయిపోయింది. ఎవరికీ సరిగ్గా కబురు పెట్టలేకపోయాం," అంది.

నాకు వరసకి మేనకోడళ్ళు నలుగురైదుగురున్నారు. ఎవరమ్మా అని అడిగేలోపే తనే మళ్ళీ అంది. "పొట్టనొప్పితో కాదు మావయ్యా. జొరమొచ్చి నిమ్ము చేసింది. పొట్టనొప్పితో కాదని నీకు తప్పకుండా చెప్పమంది."

ఆ మాటతో పోయిందెవరో తెలిసింది. డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను. కళ్ళు చెమర్చాయి, దానితోపాటు నవ్వూ వచ్చింది. చావబోతూ కూడా ఆ విషయంలో ఎవరికీ అనుమానం మిగలకూడదనుకుంది.

ఆమె పేరు నాకు బాగా తెలుసు. ఏడుసార్లు నా చేత్తో టైపు చేశాను, ఇంటిపేరుతో సహా. కానీ ఇక్కడ రాయను. "నా పేరెక్కిన కాయితాలన్నీ నాకు అన్యాయమే చేశాయి తమ్ముడూ," అని ఒకసారి అంది. ఇంకో కాగితం మీద ఎక్కించడం నాకిష్టం లేదు.

నేను గుంటూరులో ఒక స్కానింగ్ సెంటర్లో పని చేస్తాను. ఆసుపత్రులూ మందుల షాపులూ వరసగా ఉండే వీధిలో, ఒక మేడ మీద. చీకటి గదిలో డాక్టరు పేషెంటు పొట్ట మీద మిషను ఆనించి, తెర చూస్తూ ఇంగ్లీషులో చెబుతూ పోతాడు. అడ్డుగుడ్డ ఇవతల కూర్చుని నేను టైపు చేస్తుంటాను. లివరు, గాల్ బ్లాడరు, కిడ్నీలు, అలా వరసగా. చివర్లో 'నార్మల్ స్టడీ' అని వస్తే ఆ ఇంటికి ఆ రోజు పండగే. కాగితం అందుకుని కళ్ళకద్దుకున్నవాళ్ళని చూశాను. కిందకి పరిగెత్తి స్వీట్లు కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టిన పెద్దాయనని చూశాను.

ఆమె ఒక్కతే ఆ మాట విని బెంచీ మీద కూలబడింది.

అప్పుడామెకి నలభై ఉంటాయి, నాకు ముప్పై. ప్రత్తిపాడు దాటాక లోపలికి ఉండే ఒక పల్లె నుంచి వచ్చింది. మిరపకోతలు, పత్తితీతలు, ఎండాకాలం కోల్డ్ స్టోరేజీల దగ్గర ఎండు మిరపకాయలకి తొడిమలు తీసే పని. పొడుగ్గా, ఎండిన కంపలాగా ఉండేది. చేతులు ఎప్పుడూ ముఖానికి తగలనిచ్చేది కాదు. కంటిలో నలక పడినా మోచేతితోనే తుడుచుకునేది. మిరప ఘాటు వేళ్ళకి పట్టిన మనిషికి అది మామూలే గానీ, కోతలు లేని వానాకాలంలో కూడా ఆమెది అదే అలవాటు.

స్కానింగుకి నీళ్ళు బాగా తాగి, మూత్రం ఆపుకుని కూర్చోవాలి. అర్ధగంట కాగానే జనం నా బల్ల చుట్టూ మూగుతారు, ఇంకెంతసేపని. ఆమె రెండు గంటలు కదలకుండా కూర్చుంది. నాకే జాలేసి, "కష్టంగా ఉందా అమ్మా?" అని అడిగాను.

"చేలో పొద్దున దిగితే పొద్దుగూకేదాకా ఆడోళ్ళం ఆపుకునే ఉంటాం నాయనా. ఇక్కడ ఫ్యాను కూడా ఉంది," అంది.

పరీక్ష అయిపోయాక కాగితం ఇచ్చాను. "ఏం రాశారు?" అంది. "అంతా బాగుందమ్మా, లోపల ఏమీ లేదు," అన్నాను, మంచి కబురు చెబుతున్నాననుకుని.

"మళ్ళీనా," అంది. అప్పుడే బెంచీ మీద కూలబడింది.

కాసేపటికి తనే చెప్పింది. "ఇది పట్టుకుని ఇంటికెళ్తే నేను దొంగనవుతాను తమ్ముడూ. మా ఇంటాయన దీన్ని పక్కింటోళ్ళకి కూడా చదివి వినిపిస్తాడు. మిషను కూడా ఏం లేదందంట, పని ఎగ్గొట్టడానికి నాటకాలు అంటాడు. మా ముఠా మేస్త్రమ్మ అయితే కోతలకి పిలవటం కూడా మానేసింది. పోయినసారి ఇట్టాగే అయింది."

"గ్యాస్ అయ్యుంటుందమ్మా," అన్నాను.

ఆమె నా వంక చూసి నవ్వింది. "నువ్వూ డాక్టరువేనన్నమాట," అంది.

ఆ నవ్వు నాకు చాలాకాలం గుచ్చుకుంది.

ఆ తర్వాత ఏడాదికి ఒకసారో, ఇంకా ముందో వచ్చేది. ప్రతిసారీ వేరే ఆసుపత్రి చీటీతో. ఎరువుల సంచీ ఒకటి చంకన ఉండేది, అందులో పాత రిపోర్టులన్నీ. వాటిని చదవలేదు గానీ ఏది ఎవరు ఇచ్చారో రంగును బట్టి చెప్పేది. "ఈ పచ్చది అల్సరాయన. ఈ తెల్లది పేగులో పురుగులన్నాయన. ఇది అపెండిక్సు. తీసేశారు. కుట్లు మానినాయి, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది. ఇది మనసు డాక్టరుగారిది. ఆయన మంచోడు, బిళ్ళలేసుకుంటే నిద్ర బాగా పట్టింది. పొద్దున లేవబోతే మళ్ళీ అదే చోట."

డాక్టర్లని ఆమె రెండు రకాలుగా విడగొట్టింది. పొట్ట మీద చెయ్యేసినోళ్ళు, చెయ్యెయ్యనోళ్ళు. ఫలానా ఆసుపత్రికి వెళ్ళానంటే నేను వెంటనే అడిగేవాణ్ణి, "ఏ రకం అక్కా?" అని. చాలావరకు రెండో రకమే.

ఎక్కడ నొప్పి అని అడిగితే మామూలుగా జనం అరచెయ్యి పొట్టంతా తిప్పుతారు. ఆమె చూపుడువేలు ఒక్కటే పెట్టేది. బొడ్డుకి కుడిపక్కన, నాలుగు వేళ్ళ కింద. చీర మీద నుంచి పెట్టినా అదే చోటు, కళ్ళు మూసుకుని పెట్టినా అదే చోటు. "వేలెడంత చోటు తమ్ముడూ. దీనికోసం ఇంత పొట్టా వెతుకుతున్నారు," అనేది.

"తింటే వస్తుందా?" అని అడిగేవారు డాక్టర్లు.

"రాదు."

"తినకపోతే?"

"రాదు. లేస్తే వస్తుంది. పక్కకి దొర్లితే వస్తుంది. దగ్గితే వస్తుంది. పత్తి ఒడి నడుముకి కట్టుకుని వంగితే ప్రాణం పోతుంది."

ఎంతమందికి చెప్పిందో ఈ ముక్క. చీటీ మీద మాత్రం గ్యాస్ బిళ్ళే వచ్చేది.

పరీక్ష కాగానే అడ్డుగుడ్డ తీస్తే, బల్ల మీద నుంచి ఆమె లేవడం చూసి ఎవరికైనా అర్థం కావాలి. ముందు ఎడమపక్కకి ఒరిగేది. మోచెయ్యి ఆనించి కాసేపు ఆగేది. తర్వాత గోడ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో కాలూ కిందకి దించేది. చూస్తూనే ఉన్నాం. డాక్టరు చేతులు కడుక్కుంటూ ఉండేవాడు, నేను టైపు చేస్తూ ఉండేవాణ్ణి.

వాళ్ళ చర్చిలో జరిగిన సంగతి ఒకటి కూతురు చెప్పింది. ఆ పిల్ల అప్పటికి ఇంటరు చదువుతోంది, తల్లికి తోడుగా వచ్చేది. ఒక పండగకి బయటినుంచి పెద్ద బోధకుడొకాయన వచ్చి రోగుల తల మీద చేతులుంచి ప్రార్థన చేశాడట. తర్వాత సాక్ష్యాలు చెప్పమన్నారు. ఒకరికి తలనొప్పి పోయింది, ఒకరికి మోకాలు బాగైంది. ఈమె వంతొచ్చింది. "తగ్గిందని విశ్వాసంతో చెప్పమ్మా," అని వెనక నుంచి ఎవరో అందించారు.

ఆమె మైకు పట్టుకుని, "నాకోసం ప్రార్థన చేసినందుకు అందరికీ వందనాలు. నొప్పి తగ్గలేదు. తగ్గిందని దేవుని ముందర అబద్ధం ఆడలేను. తగ్గిన రోజున నేనే వచ్చి చెబుతాను," అని కూర్చుంది.

వాళ్ళ ఊరి పాస్టరుగారు, ముసలాయన, ఆయన ఒక్కడే "ఆమేన్" అన్నాడట.

ఆరో స్కానింగు అయిన నెలకి ఆమె మళ్ళీ వచ్చింది, స్కానింగుకి కాదు. తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి సంచీలోంచి మేము ఇచ్చిన ఆ రిపోర్టు తీసింది. "ఇందులో గర్భసంచి సంగతి ఏం రాశావో చదివి చెప్పు," అంది.

"పరిమాణం మామూలుగా ఉంది, గడ్డలు లేవు అని ఉందక్కా."

"బాగానే ఉందనేగా?"

"బాగానే ఉంది."

"మరి శుక్రవారం నాడు తీసేద్దాం రమ్మన్నారేంది?"

ఎవరు రమ్మన్నారో చీటీ చూశాను. మాకు రోజుకి నలుగురైదుగురిని పంపే ఆసుపత్రి అది. ఆ చీటీలతోనే మా సెంటరు నడుస్తోంది. నేను టైపు చేసేవాణ్ణి, డాక్టర్ని కాను. నోరు మూసుకోవడమే నా ఉద్యోగం.

"అపెండిక్సు తీశారు, ఒప్పుకున్నా," అంది ఆమె. "అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు గర్భసంచి. అది కూడా అయిపోయాక ఇంకేం తీస్తారు? నా నొప్పి చోటు ఇది," అని వేలు పెట్టింది. "గర్భసంచి ఇక్కడుంటుందా? ముగ్గురిని కన్నాను, నాకు తెలీదా అదెక్కడుంటుందో?"

ఒక కాగితం తీసుకున్నాను. 'గర్భసంచి బాగుంది. గడ్డలు లేవు' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. ఆమె కూతురు చేత రెండుసార్లు చదివించుకుని, మడిచి జాకెట్లో పెట్టుకుంది.

శుక్రవారం ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. ఆ కాగితం డాక్టరు బల్ల మీద పెట్టి, "బాగున్నదాన్ని ఎందుకు తీస్తారండీ?" అని అడిగింది. సరైన జవాబు రాలేదు. లేచి వచ్చేసింది. శనివారం మా యజమాని నన్ను లోపలికి పిలిచి తలుపేశాడు. ఏమన్నాడో ఇక్కడ రాయడం అనవసరం. ఆ నెలంతా నేను వేరే ఉద్యోగం వెతుక్కుంటూనే ఉన్నాను. అయినా ఆ కాగితం రాసినందుకు ఒక్కసారి కూడా బాధపడలేదు. ఆ గదిలో అన్నేళ్ళలో నా అంతట నేను రాసిన మొదటి వాక్యం అది.

ఆమె ఏడో స్కానింగుకి వచ్చింది మరుసటి ఏడు, కోతలు ముగిశాక. అప్పటికి నొప్పి మొదలై పదకొండేళ్ళు. చిక్కిపోయి ఉంది. మా డాక్టరుగారు కూతురి కాన్పుకని సెలవులో ఉన్నారు. ఆయన స్థానంలో రెండు వారాలకి ఒక అమ్మాయి వచ్చింది. చదువు పూర్తయి ఎక్కువ కాలం కాలేదు. నెమ్మదిగా చూసేది, అందుకని బయట జనం విసుక్కునేవారు.

అడ్డుగుడ్డ ఇవతల నేను టైపు చేస్తున్నాను. లివర్ నార్మల్. కిడ్నీలు నార్మల్. అంతలో లోపల నుంచి ఆమె గొంతు వినపడింది.

"అమ్మా, ఒక మాట చెప్తా, కోప్పడవుగా?"

"చెప్పండి."

"ఆ మిషను కాసేపు తీసి నీ వేలు పెట్టమ్మా. నేను చూపించిన చోట. ఒక్క నిమిషం."

నా చేతులు ఆగిపోయాయి. మా పాత డాక్టరుగారైతే 'చూసేవాళ్ళం మేమున్నాం కదమ్మా' అనేవారు. ఈ అమ్మాయి మిషను పక్కన పెట్టేసింది. పొట్ట మీది జెల్లు తుడుస్తున్న చప్పుడు.

"ఇక్కడేనా?"

"కొంచెం ఇవతలకి. ఆ, అదీ." ఊపిరి పీల్చుకున్న శబ్దం.

"నా వేలు ఇక్కడే ఉంచుతాను. మీరు చేతులు ఆనించకుండా తల, భుజాలు కొంచెం పైకెత్తండి."

ఆమె కెవ్వుమంది. ఇన్నేళ్ళలో ఆమె అరవడం నేనెప్పుడూ వినలేదు.

"ఎక్కువైందా, తగ్గిందా?"

"ఎక్కువమ్మా. చానా ఎక్కువ."

డాక్టరమ్మ ఒకసారి కాదు, మూడుసార్లు చేయించింది. ఎడమపక్కన కూడా అదే చోట వేలుపెట్టి చూసింది, అక్కడేమీ లేదు. నొప్పి చోట దూదితో రాస్తే మొద్దుగా తెలుస్తోందని, చల్లటి జెల్లు రాస్తే తెలియడం లేదని ఆమె చెప్పింది. అప్పుడు నెమ్మదిగా వివరించింది, ఆమెకీ నాకూ కలిపి.

"లోపల పేగుల్లోనో గర్భసంచిలోనో తేడా ఉంటే, తల ఎత్తినప్పుడు పొట్ట కండ బిగుసుకుని అడ్డం నిలబడుతుంది. నొప్పి తగ్గాలి. మీకు పెరిగింది. అంటే నొప్పి లోపల లేదు. పొట్టకి ముందున్న గోడలోనే ఉంది. ఒక సన్న నరం ఆ కండలోంచి బయటికొచ్చే చోట నొక్కుకుపోయి ఉంటుంది. ఇది స్కానింగులో సాధారణంగా కనపడదు. వేలికే దొరుకుతుంది."

ఆమె అడిగింది, "అయితే నాకు నొప్పి ఉన్నట్టేనామ్మా?"

"ఉంది. మీరు చెప్పినచోటే ఉంది."

ఆ రోజు రిపోర్టు చివర 'నార్మల్ స్టడీ' తర్వాత డాక్టరమ్మ ఇంకో మూడు వాక్యాలు చెప్పింది. నేను ఒక్కో అక్షరం చూసుకుంటూ టైపు చేశాను. ఆమె బెంచీ మీద కూర్చుని మోచేతితో కళ్ళు తుడుచుకుంటోంది. కాగితం చేతికిచ్చి, "ఈసారి ఉంది అక్కా," అన్నాను.

డాక్టరమ్మ తనకి చదువు చెప్పిన ఒక సర్జనుగారికి ఉత్తరం రాసిచ్చింది. ఊరవతల కాలేజీ ఆసుపత్రిలో ఉంటారు. నన్ను కూడా రమ్మంది ఆమె. "ఏడుసార్లు ఏం లేదని రాసినోడివి, ఉందో లేదో కళ్ళతో చూద్దువు రా," అంది. సెలవు పెట్టి వెళ్ళాను.

సర్జనుగారు పెద్ద వయసాయన. ఆయన కూడా వేలు పెట్టారు, తల ఎత్తమన్నారు. పెన్నుతో ఆ చోట చిన్న సున్నా చుట్టి, మత్తు మందు సూదిలోకి ఎక్కించి, అదే చోట దించారు. గోడ గడియారం వంక చూస్తూ నిలబడ్డారు. పది నిమిషాలయ్యాక, "ఇప్పుడు లేవండమ్మా," అన్నారు.

అలవాటు ప్రకారం ఆమె ఎడమపక్కకి ఒరగబోయింది. "అట్టా కాదు. తిన్నగా లేవండి," అన్నారాయన.

ఆమె భయంభయంగా తల ఎత్తింది. తర్వాత భుజాలు. తర్వాత మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. ఎవరో వెనక నుంచి నెట్టారేమోనని తిరిగి చూసింది. మళ్ళీ పడుకుంది, మళ్ళీ లేచింది. మళ్ళీ పడుకుంది. కూతురు "అమ్మా, చాలే," అంటున్నా వినలేదు. ఆరుసార్లో ఏడుసార్లో అలా పడుకుని లేచింది, చిన్నపిల్లలా నవ్వుకుంటూ. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సర్జనుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తొమ్మిదో రోజు నొప్పి మళ్ళీ వచ్చింది. ఫోను చేసి చెప్పింది. నేను బెంగపడ్డాను గానీ ఆమె గొంతులో బెంగ లేదు. "రానీ. ఇన్నాళ్ళూ చీకట్లో కొట్టాడు. ఇప్పుడు దొంగ మొహం చూశాంగా," అంది. ఇంకో రెండు సూదులు వేశారు. ఒకటి నెల పనిచేసింది, ఇంకోటి రెండు నెలలు. చివరికి చిన్న కోత పెట్టి ఆ నరాన్ని తీసేశారు. నాలుగు కుట్లు. ఆ చోట చర్మం రూపాయి బిళ్ళంత మేర మొద్దుబారిపోయింది. నొప్పి మళ్ళీ రాలేదు.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే చర్చిలో మైకు అడిగి తీసుకుందట. కూతురు ఫోనులో రికార్డు చేసి నాకు పంపింది. "తగ్గిన రోజున చెబుతానన్నాను. తగ్గింది," అని మొదలుపెట్టింది. దేవుడికి వందనాలు చెప్పింది, వేలు పెట్టిన డాక్టరమ్మకి చెప్పింది, కోసిన సర్జనుగారికి చెప్పింది. "మిషను అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగాల్సిన చోటు అది కాదు. నన్ను అడగాల్సింది," అంది. ముసలి పాస్టరుగారి "ఆమేన్" ఈసారి జనం గొంతుల్లో విడిగా వినపడలేదు.

"మీ ఇంటాయన ఏమన్నాడక్కా?" అని అడిగాను తర్వాత.

"ఏమంటాడు? ఈ కాయితం కూడా పక్కింటోళ్ళకి చదివి వినిపించమన్నాను. మూడిళ్ళు తిరిగి చదివాడు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని చానాసేపు తల ఎత్తలేదు. పోనీలే, అన్నం తిందువు రా అన్నాను," అంది.

ఆ ఎండాకాలం మేస్త్రమ్మ తనే ఇంటికొచ్చి పనికి పిలిచిందట.

మరుసటి ఏడు సర్జనుగారు ఆమెకి కబురు పంపారు. డాక్టరు చదువు చివర్లో ఉన్న పిల్లలకి పాఠం చెప్పాలి, ఒకసారి వచ్చి వెళ్ళమని. ఈసారీ నన్ను తోడు రమ్మంది. గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుంది. పెద్ద గది, మెట్లు మెట్లుగా బెంచీలు, తెల్లకోట్ల పిల్లలు. ముందు ఒక బల్ల. ఆమె ఏ మాత్రం బెదరకుండా వెళ్ళి బల్ల మీద పడుకుంది.

సర్జనుగారు ఒక కుర్రాణ్ణి ముందుకి పిలిచారు. వాడు అరచెయ్యి పొట్టమీద ఇలా ఆనించీ ఆనించనట్టు పెట్టాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని, చూపుడువేలు విడదీసి, ఆ చోట పెట్టుకుంది.

"గట్టిగా ఆనించు. భయపడమాక, నేనేం విరగను. ఇప్పుడు నన్ను తల ఎత్తమను."

"తల ఎత్తండమ్మా," అన్నాడు వాడు సన్నగా.

ఎత్తింది. "వేలికింద కండ గట్టిపడింది, తెలిసిందా? ఇప్పుడు ఎక్కువైందా తగ్గిందా అని అడగాలి. అడిగి, నేను చెప్పేదాకా ఆగాలి. ఆగకుండా రాశావనుకో, నాకు పదకొండేళ్ళు పడుతుంది."

ఆ గంటలో సర్జనుగారు ఒక్కొక్కరినీ కిందకి పిలిచి వేలు పెట్టించారు. ఎవరైనా తప్పుచోట పెడితే ఆమే సరిచేసేది. నేను వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నాను. మా చీకటి గదిలో గోడ పట్టుకుని దిగిన మనిషి, డాక్టర్ల వేళ్ళు పట్టుకుని నేర్పిస్తోంది.

మరో మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు మా సెంటరుకి ప్రకాశం వైపు పల్లె నుంచి ఒక పదహారేళ్ళ పిల్లని తీసుకొచ్చారు. చీటీ మీద, ఆ పిల్లని పంపిన డాక్టరు పొట్ట బొమ్మ గీసి, ఒక చోట చిన్న సున్నా చుట్టాడు. పక్కన, 'నొప్పి పొట్ట గోడలో ఉంది, తల ఎత్తించి చూశాను. లోపల బాగానే ఉంటుందనుకుంటున్నా, ఇంటివాళ్ళ ధైర్యం కోసం ఒకసారి చూడండి' అని రాశాడు. నేను ఉండబట్టలేక చీటీ మీది నంబరుకి ఫోను చేసి, ఇది ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడిగాను.

"కాలేజీలో ఒకావిడ నా వేలు పట్టుకుని చూపించిందండీ. పేరు గుర్తులేదు," అన్నాడు ఆ కుర్ర డాక్టరు.

వారం ఆగి మళ్ళీ చేశాను. సూది వేశారట, పిల్ల బడికి వెళ్తోందట. అప్పుడు ఆమెకి ఫోను చేశాను. మిరప కల్లంలో ఉంది, చుట్టూ ఆడవాళ్ళ మాటలు, కాయలు బోర్లించే గలగల. జరిగిందంతా చెప్పాను.

"ఆ పిల్లకి నొప్పి ఎన్నాళ్ళ నుంచంట?" అని అడిగింది.

"రెండు నెలలక్కా."

"రెండు నెలలే," అంది. మళ్ళీ అంది, "రెండు నెలలే."

ఫోను కట్టేయడం మర్చిపోయి కింద పెట్టేసినట్టుంది. కల్లం అవతలి వైపుకి వినపడేలా ఆమె కేక నాకు వినిపించింది. "ఒసేయ్, ఇటు రండే. రెండు నెలలకే కనుక్కున్నారంట."